చెట్టంత పిల్లలు: ఏది వాళ్ళకి వదలాలి, ఏది వదలకూడదు

పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పద్దెనిమిదికీ పాతికకీ మధ్య ఉన్న పిల్లల గురించే. ఇంటర్ దాకా పిల్లల్ని ఎలా చూసుకోవాలో ఇంట్లో పెద్దవాళ్ళు చెబుతారు, బంధువులు చెబుతారు, కాలేజీవాళ్ళూ చెబుతారు. ఆ తర్వాత ఏం చేయాలో చెప్పేవాళ్ళు లేరు. అందుకే తల్లిదండ్రులు చాలామంది పదేళ్ళ పిల్లాడికి చేసినవే ఇరవయ్యేళ్ళవాడికీ చేస్తున్నారు, లేదంటే ఒక్కసారిగా చేతులు దులిపేసుకుంటున్నారు. ఆరు ఉత్తరాలకి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఉత్తరాలు రాసినవాళ్ళ పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్ళు, కానూరులో బీటెక్ మూడో సంవత్సరం. పొద్దున్న నాలుగుసార్లు లేపితేగానీ లేవడు. ఫీజు కట్టేది నేనే. అటెండెన్స్ తగ్గిందని కాలేజీ నుంచి ఫోనొస్తే జ్వరమని సర్దిచెప్పేదీ నేనే. ఈమధ్య ఐదు బ్యాక్‌లాగులు ఉన్నాయని వాడి స్నేహితుడి వాళ్ళమ్మ చెబితే తెలిసింది. అడిగితే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటున్నాడు. వీడికి బుద్ధి ఎప్పుడొస్తుంది?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, మీవాడికి బుద్ధి ఉంది, దానికి పని తగలలేదు. మన వైపు పిల్లలు చాలామంది ఇంటర్ రెండేళ్ళూ రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉంటారు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఏ గంటలో ఏ సబ్జెక్టు పట్టుకోవాలో అన్నీ బెల్లు చెబుతుంది. ఆదివారం పరీక్షతో సహా వాళ్ళ తరఫున ఎవరో నిర్ణయిస్తారు. బీటెక్‌లో చేరిన రోజున ఆ బెల్లు ఆగిపోతుంది. తన రోజు తను నడుపుకోవడం ఎన్నడూ చేయని పిల్లాడు అక్కడ తడబడతాడు. పైగా ముందుచూపు, ఆవేశాన్ని ఆపుకోవడం, పని వరస పెట్టుకోవడం లాంటివి నడిపేది నుదుటి వెనక ఉండే మెదడు భాగం. అది పూర్తిగా పదునెక్కడానికి పాతికేళ్ళ దాకా పడుతుంది. వయసు మీద పడినంతమాత్రాన ఆ పదును రాదు. చిన్న నిర్ణయాలు తీసుకుని, వాటి ఫలితం తనే పడి, సరిచేసుకుంటుంటే వస్తుంది. ఇప్పటిదాకా ఆ ఫలితం మీరు పడుతున్నారు. ‘జ్వరం’ అని మీరు చెప్పిన ప్రతిసారీ వాడికి అందాల్సిన పాఠం మీ దగ్గర ఆగిపోయింది. ప్రేమతోనే వెనకేసుకొచ్చారు, కాదనలేం. ఇక ఆపాలి.

ఎలా ఆపాలన్నదే అసలు సంగతి. చాలా ఇళ్ళలో ఒకరోజు కోపం వచ్చి ‘ఇకనుంచి నీ చావు నువ్వు చావు’ అని అన్నీ ఒకేసారి వదిలేస్తారు. పది రోజులకి భయమేసి మళ్ళీ అన్నీ లాక్కుంటారు. పిల్లాడికి అర్థమయ్యేది ఒకటే: కాసేపు ఓర్చుకుంటే అమ్మే దిగొస్తుంది. అలా కాకుండా ఒక తెల్లకాగితం తీసుకుని మీరూ మీవారూ కూర్చుని మూడు గడులు గీయండి. మొదటి గడిలో పూర్తిగా వాడివి: లేవడం, స్నానం, బట్టలు, అటెండెన్స్, పరీక్షలు, స్నేహితులు. రెండో గడిలో ఇద్దరివీ: ఫీజు, బండి, రాత్రి ఎన్నింటికి ఇంటికి రావాలన్నది. మూడో గడిలో మీవి: ఇంటి డబ్బు, ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టకూడదు, కొట్టకూడదనే పద్ధతి. మొదటి గడిలోంచి ఒక్కటే తీసి ఈ వారం వాడికి అప్పగించండి. లేవడంతో మొదలుపెట్టడం తేలిక, నష్టం తక్కువ. ముందురోజు రాత్రే, గొంతు పెంచకుండా, ‘నాన్నా, సోమవారం నుంచి నేను లేపను. అలారం నువ్వే పెట్టుకో’ అని ఒకసారి చెప్పండి. మళ్ళీ గుర్తుచేయొద్దు.

మొదటి వారం బస్సు తప్పిపోతుంది. రెండో వారం ‘నువ్వు లేపలేదు కాబట్టే’ అని మీమీద అరుస్తాడు. ఎక్కువమంది తల్లులు ఇక్కడే జారిపోతారు. ‘అవును, లేపనని చెప్పాను కదా’ అని ఒక్క మాట అని వంటింట్లోకి వెళ్ళిపోండి. నాలుగు వారాలు నిలబడితే సాధారణంగా ఓ దారిలో పడుతుంది. అప్పుడు రెండోది: నెల ఖర్చు. మీకు తగిన మొత్తం, ఉదాహరణకి 4,000 అనుకుంటే, ఒకటో తారీకున ఒకేసారి వాడి ఖాతాలో వేయండి. 18వ తారీకుకే అయిపోతుంది, మొదటి రెండు నెలలు అలాగే అవుతుంది. ఆర్టీసీ పాసు, ఇంట్లో భోజనం ఎలాగూ ఉన్నాయి కాబట్టి మిగతా పన్నెండు రోజులు చేతిలో డబ్బు లేకుండా గడవనివ్వండి. చాటుగా వెయ్యి రూపాయలు ఫోన్‌పే చేశారా, రెండు నెలల శ్రమ వృథా. నాయనమ్మల దగ్గర ఈ కన్నం ఎప్పుడూ ఉంటుంది, వాళ్ళతో ముందే మాట్లాడుకోండి.

ఇంటికి పనికొచ్చే పని కూడా ఒకటి పూర్తిగా వాడి పేరు మీద ఉంచండి. తాతయ్య బీపీ మాత్రలు ఏ రోజుకి అయిపోతాయో చూసి, చీటీ పట్టుకెళ్ళి తేవడం లాంటిది. తన మీద ఒకరు ఆధారపడి ఉన్నారన్నది ఇరవయ్యేళ్ళవాడిని నిలబెట్టినట్టు ఉపదేశాలు నిలబెట్టవు. అయితే మాత్రల పెట్టె పక్కన మూడు రోజుల సరుకు విడిగా ఉంచండి. వాడు మర్చిపోతే పెద్దాయన ఇబ్బంది పడకూడదు.

ఇక ఆ ఐదు బ్యాక్‌లాగులు. ఎందుకు దాచాడన్నది ఇప్పుడు అడగొద్దు. దాచింది సిగ్గుతోనో భయంతోనో. ఆ ప్రశ్న వేస్తే తలుపు మళ్ళీ పడుతుంది. ఇద్దరూ తీరిగ్గా ఉన్న వేళ, తినేశాక, ‘ఐదు ఉన్నాయని తెలిసింది. కోప్పడటానికి రాలేదు. ఏది ముందు తీయగలవో నువ్వే చెప్పు’ అనండి. వాడి చేత్తోనే కాగితం మీద రాయించండి: సబ్జెక్టు, సప్లిమెంటరీ నోటిఫికేషన్ ఎప్పుడు, ఫీజు ఆఖరి తేదీ, ఎంత సిలబస్ తెలుసు, ఎవరి దగ్గర నోట్సు ఉంది. అన్నీ ఒకే విడతలో రాస్తానంటాడు. ఉత్సాహం మంచిదే, కానీ మామూలు సెమిస్టరు కూడా నడుస్తుంటుంది. తేలికైనవి రెండు ముందు. ఒకటి గట్టెక్కితే రెండోది పట్టుకునే ధైర్యం అదే ఇస్తుంది. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించకండి. అది వాడిది, వాడి బల్ల మీద ఉండాలి. మీరు అడగాల్సింది వారానికొకసారి, ఆదివారం, పది నిమిషాలు. మిగతా ఆరు రోజులూ ఆ ఊసెత్తకూడదు.

ఒక్క జాగ్రత్త. చదువుతో పాటు ఆటలు, స్నేహితులు, తిండి, స్నానం కూడా వదిలేస్తుంటే ఈ జవాబు మీకు వర్తించదు. నాలుగో ఉత్తరం చదవండి.

ప్రశ్న: మా అమ్మాయికి 23. హైదరాబాద్ మాదాపూర్‌లో ఉద్యోగం. ఫోన్ చేస్తే రెండు నిమిషాలకే పెట్టేస్తుంది. సంబంధం మాట ఎత్తితే వాళ్ళమ్మ మీద అరుస్తోంది. చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు.
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ ఇంట్లో జరిగే ఫోన్ కాల్‌ని ఒకసారి పిల్ల వైపు నుంచి వినండి. ‘తిన్నావా?’ ‘ఇంకా ఆఫీసేనా, ఇంత రాత్రా?’ ‘ఆ తెనాలి వాళ్ళ ఫొటో చూశావా?’ మూడూ ప్రశ్నలే, మూడింటికీ ఆమె సంజాయిషీ ఇచ్చుకోవాలి. రోజంతా టీమ్ లీడుకి జవాబు చెప్పి వచ్చిన మనిషి రాత్రి తొమ్మిదింటికి ఇంకో లీడుకి జవాబు చెప్పాలంటే ఫోన్ పెట్టేయక ఏం చేస్తుంది?

ముందు ఇంటి కబురు మీరు చెప్పండి. ‘మామిడికాయలు దిగాయమ్మా, మీ అమ్మ ఆవకాయకి కారం పట్టించడానికి వెళ్ళింది, ఈసారి ఘాటు ఎక్కువట’ అంటే చాలు. కబురుకి కబురు వస్తుంది. ఆమె ఆఫీసు గోడు చెప్పుకుంటే సలహా ఇవ్వొద్దు. ‘మరి మేనేజరుతో చెప్పకపోయావా’ అన్న మాట మీకు సాయంలా అనిపిస్తుంది, ఆమెకి తప్పు పట్టినట్టు వినిపిస్తుంది. ఏం చేయాలో తోచక ఆగితే, ‘నేనేమైనా చెప్పనా, ఊరికే విననా?’ అని అడగండి. వారానికి రెండు ఫోన్లు, వేళ ఆమె చెప్పింది. మధ్యలో వాట్సాప్‌లో ఒక ఫొటో పంపండి, జవాబు కోసం ఎదురుచూడకండి.

పెళ్ళి మాట ఫోన్‌లోంచి పూర్తిగా తీసేయండి. ఆమె గుంటూరు వచ్చినప్పుడు మీ ముగ్గురే ఉన్న వేళ ఒకసారి మాట్లాడండి. ‘ఇప్పుడు వద్దు’ అనే మాటలో చాలా ఉంటాయి: ఉద్యోగంలో కుదురుకోవాలని, మనసులో ఎవరో ఉన్నారని, ఇంట్లో మీ ఇద్దరి గొడవలు చూసి పెళ్ళంటేనే భయమని, కట్నం మాటలు విని అసహ్యమని. ఏదో ఊహించుకుని దానికి జవాబు తయారుచేసుకోకండి. అడగండి, విన్నాక ఆ పూటకి ఏమీ అనకండి. అప్పుడు ‘మళ్ళీ ఎప్పుడు మాట్లాడుకుందాం?’ అని ఒక నెల అడిగి, కేలండర్ మీద గుర్తు పెట్టుకోండి. అప్పటిదాకా ఆమెకి చెప్పకుండా బయోడేటా ఎవరికీ పంపొద్దు. ఇది చిన్న విషయంలా కనబడుతుంది, కానీ తన ఫొటో తనకి తెలియకుండా ఏ పెళ్ళిళ్ళ పేరయ్య చేతిలోనో ఉందని తెలిస్తే ఆడపిల్ల నమ్మకం మళ్ళీ కూడగట్టడం చాలా కష్టం. పెద్దమ్మలు, మేనత్తలు నేరుగా ఆమెకే ఫోన్ చేసి నచ్చచెప్పబోతారు. వాళ్ళని ఆపాల్సింది మీరే.

మారిపోయిందన్నారు. పదమూడేళ్ళప్పుడు మీతో అన్నీ చెప్పిన పిల్ల ఇరవై మూడేళ్ళకి కొన్ని దాచుకుంటుంది, అది ఎదగడంలో భాగం. తోటివాళ్ళతో కూడా మాట్లాడటం మానేస్తే అప్పుడు కంగారు పడాలి.

ప్రశ్న: కొడుకుకి 19. తెల్లవారి నాలుగింటికి పడుకుని పన్నెండింటికి లేస్తాడు. ఫోన్ లాక్కుంటే పెద్ద గొడవ.
– ఒక తల్లి, కృష్ణలంక, విజయవాడ

జవాబు: ఈ వయసులో నిద్ర వేళ సహజంగానే వెనక్కి జరుగుతుంది, నిద్ర పుట్టించే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది. అంటే పదింటికి పడుకోమంటే నిద్ర రాకపోవడం నిజమే. కానీ నాలుగింటిదాకా జరగడానికి ఫోను, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం టీలు తోడై ఉంటాయి. కావాల్సింది 7 నుంచి 9 గంటల నిద్ర.

పడుకునే వేళ పట్టుకుని లాగకండి, అది ఎవరి చేతిలోనూ లేదు. లేచే వేళ పట్టుకోండి. ఇప్పుడు 12 అయితే రెండు మూడు రోజులకోసారి అరగంట చొప్పున ముందుకి జరపాలి: 11.30, 11, 10.30. ఎనిమిదింటికి రావడానికి మూడు వారాలు పడుతుంది. లేచిన అరగంటలోపు 20, 30 నిమిషాలు బయటి వెలుగు తగలాలి, డాబా మీద చాలు. మెదడులోని గడియారాన్ని తిప్పేది ఆ వెలుగే. మధ్యాహ్నం రెండు తర్వాత టీ, కాఫీ, ఎనర్జీ డ్రింకులు వద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదారు గంటలు పడుతుంది. ఆదివారం కూడా అదే వేళకి లేవాలి. పథకం చెడేది అక్కడే, ఒక్క ఆదివారం ఒంటిగంటదాకా పడుకుంటే వారం శ్రమ పోతుంది. ఫోన్ లాక్కోవద్దు. రాత్రి పన్నెండు తర్వాత ఇంట్లో అందరి ఫోన్లూ, మీది, మీవారిది కూడా, హాల్లో ఒకేచోట చార్జింగ్‌కి పెట్టే ఒప్పందం చేసుకోండి.

నిద్రే పోకుండా రెండు మూడు రోజులు హుషారుగా తిరుగుతూ, గబగబా మాట్లాడుతూ, ఎడాపెడా ఖర్చుపెడుతుంటే అది వేరే సంగతి. వెంటనే డాక్టరుకి చూపించాలి.

ప్రశ్న: మా పాపకి 19. గుంటూరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. రెండు నెలల క్రితం ఇంటికి వచ్చింది, ఇక వెళ్ళనంటోంది. తిండి లేదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, ఎప్పుడూ ఏడుపు. మొన్న ‘నేను లేకపోతే మీకే బాగుంటుంది’ అంది. దిష్టి తీయించాం, తాయెత్తు కట్టించాం. మానసిక వైద్యుడి దగ్గరికంటే మావారు ఒప్పుకోవడం లేదు. మందులు అలవాటైపోతాయంటున్నారు, రేపు పెళ్ళి సంగతి ఏమిటంటున్నారు.
– ఒక తల్లి, ప్రత్తిపాడు దగ్గర ఒక ఊరు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, రెండు పనులు ఈ పూటే చేయండి, మిగతాది తర్వాత చదువుదురుగాని. మీది వ్యవసాయ కుటుంబమైతే పత్తికీ మిరపకీ కొట్టే మందుల డబ్బాలు ఇంట్లోనో కొట్టంలోనో ఉంటాయి. వాడగా మిగిలినవాటితో సహా అన్నీ ఇంటి నుంచి తీయించి, ఊళ్ళో వేరేవాళ్ళ దగ్గర తాళంలో ఉంచండి. ఇంట్లో మాత్రల డబ్బా మీ దగ్గర పెట్టుకోండి. ఇలాంటి ఆలోచన చాలాసార్లు అలలా వచ్చి పోతుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే ప్రాణం దక్కుతుంది. పాపని కొన్నాళ్ళు ఒంటరిగా ఉంచకండి, రాత్రి మీరే పక్కన పడుకోండి.

రెండోది, అడగండి. ‘తల్లీ, మొన్న ఆ మాట అన్నావు. చనిపోవాలని అనిపిస్తోందా?’ అని, ఆ మాటే వాడి అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు, అలా పుట్టదు. అడిగినవాళ్ళు దొరికారని పిల్లలకి గుండె బరువు దిగుతుంది. ‘అవును’ అంటే ఏడవకండి, దేవుడి మీద ఒట్టు వేయించుకోకండి, ‘మా గురించి ఆలోచించావా’ అని అనకండి. ‘చెప్పినందుకు మంచిదమ్మా, నేను ఉన్నాను, డాక్టరు దగ్గరికి వెళ్దాం’ అనండి. ఎలా చేయాలో కూడా అనుకుని ఉందంటే రేపటిదాకా ఆగకుండా అప్పుడే గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. అర్ధరాత్రి ఏం చేయాలో తోచకపోతే టెలి-మానస్ ఉంది, మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పాపే కాదు, మీరూ మాట్లాడొచ్చు. పోలీసు కేసవుతుందేమోనని దాచేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క. శిక్షించమని చట్టం చెప్పదు, వైద్యం, ఆసరా ఇవ్వమంటుంది.

మీరు రాసిన గుర్తులు, అంటే తిండి పోవడం, తెల్లవారుజామున మెలకువ, ఏడుపు, తను ఎవరికీ అక్కర్లేదనుకోవడం, ఇవి రెండు వారాలు దాదాపు రోజూ ఉంటేనే డాక్టర్లు డిప్రెషన్ కోసం చూస్తారు. మీ పాపకి రెండు నెలలైంది. ఇది బద్ధకం కాదు, హాస్టల్ ఎగ్గొట్టే ఎత్తూ కాదు. హాస్టల్లో ఏదైనా జరిగిందా, ఎవరైనా వేధించారా అన్నది కూడా తెలుసుకోవాలి. అయితే అది మీరు గుచ్చి గుచ్చి అడిగితే రాదు. డాక్టరు దగ్గర, మీరు గదిలో లేనప్పుడు, వస్తుంది.

తాయెత్తు తీసేయమని మేం చెప్పం. అది ఉండనివ్వండి, వైద్యమూ జరగనివ్వండి. గుంటూరు జీజీహెచ్‌లోనూ మంగళగిరి ఎయిమ్స్‌లోనూ సైకియాట్రీ విభాగాలున్నాయి. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత ఆ శాఖలో చదివిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ మాటల ద్వారా చికిత్స చేస్తారు, మందులు రాయరు. వారికి ఆర్.సి.ఐ. (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగొచ్చు, తప్పేం లేదు. మీ పాప విషయంలో ముందు సైకియాట్రిస్టే. వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి: ఎప్పటి నుంచి, నిద్ర ఎన్ని గంటలు, బరువు ఎంత తగ్గింది, నెలసరి సరిగ్గా వస్తోందా, మీ రెండు కుటుంబాల్లో ఎవరికైనా ఇలాంటిది వచ్చిందా. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించమంటారు. అవి కూడా ఇలాంటి నీరసానికీ దిగులుకీ కారణం కావచ్చు.

మీవారి భయం గురించి. అలవాటు పడతామన్న పేరు అన్ని మందులకీ వచ్చింది, కానీ ఆ పేరు ఎక్కువగా నిద్రమాత్రల వల్ల వచ్చింది. ఆల్ప్రజోలామ్, క్లోనజిపామ్ లాంటివి నెలల తరబడి వాడితే ఒళ్ళు వాటికి అలవాటు పడుతుంది, అందుకే డాక్టర్లు కొద్దిరోజులకే రాస్తారు. మందుల షాపులో పాత చీటీ చూపించి మళ్ళీ మళ్ళీ కొనేది మనమే. డిప్రెషన్‌కి ఇచ్చే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూయోక్సెటిన్ అలాంటివి కావు. అవి పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం పది రోజులు కడుపులో తిప్పడం, కొంచెం అస్థిమితం ఉంటాయి, గుణం ఇంకా కనబడదు. సగం ఇళ్ళలో మందు ఆగిపోయేది ఇక్కడే. పాతికేళ్ళలోపు వాళ్ళలో మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో చావు ఆలోచనలు కొందరికి పెరగవచ్చు. అందుకే ఆ వారాల్లో మీ కన్ను పాప మీదే ఉండాలి, అస్థిమితం ఎక్కువైతే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకి చెప్పాలి. రెండో ఆగుడు తగ్గిన నెలకి వస్తుంది: ‘బాగానే ఉంది కదా’ అని మానేస్తారు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేది డాక్టరే, మెల్లగా తగ్గిస్తూ. హఠాత్తుగా ఆపితే తలతిప్పు, చిరాకు వస్తాయి. వాటినే చూసి ‘అలవాటైంది’ అంటారు.

పెళ్ళి సంగతి ఇప్పుడు కాదని మీవారికి మా మాటగా చెప్పండి. చికిత్స లేని డిప్రెషన్‌తో పెళ్ళి చేయడం కంటే చికిత్స తీసుకుని కోలుకున్న పిల్లకి చేయడం ఎంత మేలో ఆయనకే తెలుస్తుంది.

ఇంట్లో మీరు చేయగలిగింది: భోజనం పళ్ళెం పెట్టి ‘తిను, తిను’ అని నిలబడకుండా, మీ పళ్ళెం కూడా తెచ్చుకుని పక్కన కూర్చోండి. నాలుగు ముద్దలు తిన్నా ఆ పూటకి గెలిచినట్టే. ‘లేచి తిరిగితే అదే పోతుంది’ అన్న మాట ఎవరినీ అననివ్వకండి.

ప్రశ్న: కొడుకుకి 22. క్రికెట్ బెట్టింగ్, లోన్ యాప్‌లు. పోయినేడు 1,80,000 కట్టాను. ఇక ఆడనని తల్లి మీద ఒట్టేశాడు. ఇప్పుడు మళ్ళీ 90,000. ఈసారి ఆఖరుగా కట్టి ఊరుకోనా?
– ఒక తండ్రి, గొల్లపూడి, విజయవాడ

జవాబు: డబ్బు వాడి చేతికి ఇవ్వకండి. పోయినేడు మీరు కట్టింది అప్పు మాత్రమే, జబ్బు అలాగే ఉంది. జూదం ఆపుకోలేకపోవడం తాగుడు వ్యసనం లాంటిదేనని వైద్యశాస్త్రం 2013లోనే ఆ వరసలో చేర్చింది. కొంచెంలో పోయిందనిపించే ఓటమి మెదడుకి గెలుపంత ఊపునిస్తుంది, పోయింది రాబట్టాలని మళ్ళీ పెడతాడు. ఒట్లు దీని ముందు నిలవవు. ఒట్టేసిన రోజున అబద్ధం ఆడాడనీ అనుకోకండి.

ముందు పూర్తి లెక్క కావాలి. వాడు చెప్పిన 90,000 ఆఖరి అంకె కాకపోవచ్చు, సిగ్గుతో సగమే చెబుతారు. వాడితో కూర్చుని ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, యూపీఐ చరిత్ర తీసి, ప్రతి యాప్, ప్రతి స్నేహితుడి బాకీ రాయించండి. సిబిల్ రిపోర్టు తీస్తే బ్యాంకుల ద్వారా వచ్చిన అప్పులు బయటపడతాయి. తీర్చగలిగినవి నేరుగా అప్పిచ్చినవాళ్ళకే కట్టి రసీదు తీసుకోండి. ఆ మొత్తం వాడు నెలనెలా మీకు తిరిగి కట్టాలి, 1,500 అయినా సరే, ఆ కష్టం వాడికి తెలియాలి. ఖాతాలో రోజువారీ పరిమితి తగ్గించి, ఎక్కువ మొత్తాలు మీరు చూసేలా ఏర్పాటు చేయండి, వాడి ఒప్పుదలతో. వీలైతే ఏడాది పాటు.

ఫొటోలు మార్ఫింగ్ చేస్తామని, బంధువులకి మెసేజులు పెడతామని బెదిరించే యాప్‌లకి భయపడి కట్టకండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రుణ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోల జోలికే రాకూడదు. స్క్రీన్‌షాట్లు తీసి ఉంచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025లో కేంద్ర చట్టమూ వచ్చింది. బంధువులకి ముందే మీరే ‘మావాడి ఫోన్ హ్యాక్ అయింది, పిచ్చి మెసేజులు వస్తే పట్టించుకోకండి’ అని ఒక మాట చెప్పి ఉంచితే ఆ బెదిరింపుకి కోరలు పోతాయి.

సైకియాట్రిస్టుని కలవడం తప్పనిసరి. ఐపీఎల్ రోజుల్లో రాత్రి ఏడున్నర నుంచి పదకొండున్నర దాకా వాడు ఎక్కడ, ఎవరితో ఉండాలో ముందే అనుకోండి. మళ్ళీ ఒకసారి జారితే జారవచ్చు, ఆ రోజే చెబితే ఇంట్లో అరుపులు ఉండవన్న హామీ మీరివ్వాలి. అప్పుల్లో కూరుకుపోయిన కుర్రాళ్ళు ప్రాణం తీసుకునే ప్రమాదం ఎక్కువ. పై ఉత్తరానికి చెప్పినట్టు, మీవాడినీ నేరుగా అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి 21 ఏళ్ళవాడు నెలకి రెండుసార్లు సైకాలజిస్ట్ దగ్గరికి వెళుతున్నాడు. ఫీజు నేను కడుతున్నాను. ఏం చెప్పాడంటే ఆవిడ చెప్పడం లేదు. ఇదేం పద్ధతి?
– ఒక తండ్రి, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ఆవిడ చేస్తున్నది సరైనదే. 18 దాటిన మనిషి చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అతని హక్కు, ఫీజు ఎవరు కట్టినా సరే. ప్రాణాపాయం లాంటి సందర్భాల్లో మీకు చెప్పవచ్చు, అలాంటప్పుడు చెబుతారు కూడా. ఆ గదిలో మాట్లాడింది ఇంటికి చేరదని నమ్మితేనే మీవాడు అసలు సంగతి చెబుతాడు. ఇంట్లో ఎవరికైనా చెప్పుకుంటే కడుపు చించుకుని కాళ్ళమీద వేసుకున్నట్టే అనుకునే పిల్లలకి ఆ గది చాలా అవసరం.

మీ దగ్గరున్న సమాచారం ఆవిడకి ఇవ్వడానికి అడ్డేం లేదు. ఇంట్లో గమనించినవి, నిద్ర, కోపం, తిండి, ఖర్చు, ఒక పేజీకి మించకుండా రాసి ఇవ్వండి. రాస్తున్నట్టు అబ్బాయికి ముందే చెప్పండి, చాటుగా వద్దు. మీ ఇద్దరూ కలిసి కూర్చునే సెషన్ ఒకటి కావాలని అడగవచ్చు. వాడు ఒప్పుకుంటే పెడతారు.

క్లినిక్ నుంచి ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద ‘ఏమంది, ఏం చెప్పావు’ అని అడగకండి. దారిలో టిఫిన్‌కి ఆగండి. మళ్ళీ ఏ తారీకున రావాలో, బండి కావాలో వద్దో, ఆ రెండూ అడిగితే చాలు.